నాలుగు దెబ్బలు తీసేసిన క్యాసెట్

1992వ సంవత్సరం, ఎండలు ముదురుతున్న రోజులు. సిద్దిపేట పాత బస్టాండు పక్క సందులో నా దుకాణం ఉండేది. బోర్డు మీద రేడియో, టేప్‌రికార్డర్ మరమ్మతులు అని పెద్దగా, దాని కింద పాటలు రికార్డు చేయబడును అని చిన్నగా రాయించాను. కాని నాకు, నా ఇంటికి తిండి పెట్టింది ఆ చిన్న అక్షరాలే. జనం కాగితం మీద పాటల పేర్లు రాసుకుని వచ్చేవారు. నా దగ్గరున్న పెద్ద రికార్డుల మీంచి, అంటే ఎల్‌పీల మీంచి, ఖాళీ క్యాసెట్‌లోకి ఆ పాటలు దించి ఇచ్చేవాణ్ని.

ఈ పని చూడటానికి తేలిక. టర్న్‌టేబుల్ మీద రికార్డు తిరుగుతుంది. సూది పట్టుకున్న చప్పుడు ఆంప్లిఫయర్‌లోకి, అక్కడినుంచి ఈక్వలైజర్‌లోకి, చివరకు క్యాసెట్ డెక్‌లోకి పోతుంది. ఈక్వలైజర్ అంటే వరుసగా నిలువు మీటలున్న పెట్టె. ఒక చివరి మీట లావు చప్పుళ్లను, అంటే బేస్‌ను, పెంచి తగ్గిస్తుంది. మరో చివరి మీట సన్న చప్పుళ్లను, అంటే ట్రెబుల్‌ను. మధ్యవి మధ్య చప్పుళ్లకు. పని చేసేవాడి చెయ్యి తెలిసేది ఆ పెట్టె దగ్గరే.

ఇంకొకటి పాజ్ మీట. పాటకూ పాటకూ మధ్య జాగలో సూది గీకుడు, పటపటలు వినిపిస్తాయి. డెక్ మీద పాజ్ నొక్కి పట్టి, పాట ఎత్తుకునే క్షణంలో సరిగ్గా వదలాలి. తొందరపడితే చెత్త వస్తుంది, ఆలస్యమైతే పాట తల తెగుతుంది. నా క్యాసెట్‌లో పాట కడిగిన పళ్లెంలో వడ్డించినట్టు మొదలవుతుందని పేరుండేది. బెజ్జంకి, దౌల్తాబాద్ నుంచి కూడా వెతుక్కుంటూ వచ్చేవారు. ఆ పేరు నాకు బాగా తలకెక్కింది. ఎవరు ఏ రికార్డు తెచ్చినా, దాన్ని కొంత బాగుచేయకుండా దించిన రోజు నాకు గుర్తులేదు.

ఒక పొద్దున రాజేశం వచ్చాడు. పద్మశాలీల ఇంటివాడు, ముప్పై ఐదేళ్లుంటాయి. భివండిలో పన్నెండేళ్లుగా సాంచాలు నడుపుతున్నాడు. సాంచా అంటే కరెంటు మగ్గం. ఏడాదికోసారి ఊరికి వచ్చినప్పుడు నా దుకాణం ముందు నిలబడి పలకరించి పోయేవాడు. ఆసారి మనిషిలో ఒక తేడా కనిపించింది. మాట్లాడుతుంటే నా కళ్ల వైపు కాకుండా నోటి వైపే చూస్తున్నాడు. శ్రద్ధగా వింటున్నాడనుకున్నాను.

సంచిలోంచి ఒక ఎల్‌పీ తీసి కౌంటరు మీద పెట్టాడు. అట్ట మీద ఇనుప మెట్ల పైన కూర్చున్న ముగ్గురు తెల్ల కుర్రవాళ్ల నలుపు తెలుపు ఫొటో. ఒకడి మోకాలు దగ్గర ప్యాంటు చిరిగి ఉంది. ముగ్గురూ ఫొటో తీసేవాడి మీద కోపంగా ఉన్నట్టున్నారు. మూలన గుండ్రని చీటీ అంటించి ఉంది. నాకు వచ్చిన ఇంగ్లీషుతో కూడబలుక్కుని చదివితే, ఈ బ్యాండుకు ఇది మొదటి ఆల్బమ్ అనీ, చాలా ఏళ్ల తర్వాత మళ్లీ అచ్చువేసిన రీఇష్యూ అనీ అర్థమైంది.

"గిదేడిది రాజేశం?" అని అడిగాను.

"మా సేటు కొడుకు ఇచ్చిండు భాయ్. లండన్ల చదువుకొని వచ్చిండు. షెడ్డుకు వచ్చినప్పుడల్ల నవ్వెటోడు, నీ సాంచాల లొల్లి, నా పాటల లొల్లి ఒక్కతీరే ఉన్నదని. దీన్ని పంక్ అంటరట."

"నువ్వు గివి వింటవా?"

"వింట."

"అర్థమైతదా?"

"అరబ్బీ పాటల క్యాసెట్ గూడ దించి ఇస్తవు గద. నీకు అర్థమయ్యే దించుతున్నవా?"

నిజమే. దుబాయి పోయొచ్చినవాళ్లు తెచ్చిన అరబ్బీ పాటలు ఒక్క ముక్క తెలియకుండానే దించేవాణ్ని.

రాజేశం కౌంటరు మీదికి వంగి, "క్యాసెట్ల దించు భాయ్. ఎట్లున్నదో అట్లనే దించు. ఏదీ ఇడిసిపెట్టకు" అన్నాడు.

"నాకు చెప్తున్నవా? ఇరవై ఏండ్లసంది గిదే పని."

"అందుకే నీ తానికి వచ్చిన. ఇంట్ల టేప్ ఉన్నది, రికార్డు తిప్పే పెట్టె లేదు. మల్లొచ్చే నెల హైదరాబాద్ల మెడికల్ ఉన్నది నాకు. దుబాయిల గోదాం పని. పాసయితే గీ క్యాసెట్ ఎంట తీస్కపోత."

గల్ఫుకు పోయే ముందు డాక్టరు పరీక్ష ఉంటుందని, అందులో కళ్లు, చెవులు, ఛాతీ అన్నీ చూస్తారని మా ఊళ్లో అందరికీ తెలుసు. నేను దాని గురించి ఏమీ అడగలేదు. రేపు రమ్మన్నాను.

ఆ మధ్యాహ్నం గిరాకీ లేని వేళ చూసి రికార్డు పెట్టాను. సూది ఆనగానే ఏదో తెగిపోయిందనుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాను. గిటారు మోత స్పీకరు కాగితం చిరిగినప్పుడు వచ్చే మోతలా ఉంది. పాడేవాడు పాడటం లేదు, ఎవరినో తిడుతున్నాడు. డోళ్లు వాటి దారిన అవి ఉరుకుతున్నాయి. ఒక పాట రెండు నిమిషాలైనా లేదు, మొదలైనట్టే ఆగిపోయింది. మళ్లీ వెంటనే ఇంకొకటి.

ఎదురుగా చాయ్ హోటలు మల్లేశం తన గల్లా దగ్గర నుంచే అడిగాడు. "ఏం భాయ్, పిండి గిర్ని పెట్టినవా దుకాణంల?"

"రికార్డు ఖరాబున్నది" అన్నాను.

నేను నిజంగా అదే అనుకున్నాను. లోపం ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టాను. సూదిని భూతద్దం కింద చూశాను, అరగలేదు. పళ్లెం అంచు మీద చిన్న చుక్కలుంటాయి, ట్యూబ్‌లైటు వెలుగులో అవి కదలకుండా నిలిచినట్టు కనిపిస్తే వేగం సరిగ్గా ఉన్నట్టు. అవి నిలిచే ఉన్నాయి. తీగలు ఊడదీసి మళ్లీ అతికించాను. నా రికార్డు ఒకటి పెట్టి చూస్తే పాట శుభ్రంగా వచ్చింది. మళ్లీ ఈ రికార్డు పెడితే మళ్లీ అదే చిరిగిన మోత. గంటన్నర గడిచింది. నా మిషన్‌లో తప్పు లేదు, రికార్డు కొత్తది, మెరుస్తోంది. మరి తప్పు ఎక్కడ? తల గోక్కుంటూ అట్టను తిప్పి తిప్పి చూశాను.

అప్పుడు ఆ గుండ్రని చీటీ మళ్లీ కంటబడింది. రీఇష్యూ. అంతే, నాకు దారి దొరికినట్టయింది. మా పనిలో నకలుకు నకలు తీస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. క్యాసెట్ మీంచి క్యాసెట్, దాని మీంచి ఇంకొకటి దించితే మూడోదానికల్లా పాట బురదవుతుంది. వీళ్ల అసలు రికార్డు ఎప్పుడో వచ్చింది, దాని నకలు మీంచి ఎవడో అజాగ్రత్తగా మళ్లీ అచ్చు వేశాడు, అందుకే ఈ చిరుగుడు. అసలుది తప్పకుండా చక్కగా ఉండి ఉంటుంది. పాపం రాజేశానికి అసలుది ఎట్లా ఉండేదో తెలియదు. నేను తెచ్చి ఇస్తాను.

ఇప్పుడు తలుచుకుంటే నా తెలివికి నాకే ఆశ్చర్యంగా ఉంటుంది. ఒక్కసారి కూడా వినని పాట అసలు రూపం నాకు తెలుసనుకున్నాను.

ఈక్వలైజర్‌లో చివరి రెండు మీటలు కిందికి దించాను. ఆంప్లిఫయర్‌లో స్క్రాచ్ ఫిల్టర్ అని ఒక మీట ఉంటుంది, గీతలు పడిన రికార్డుల సన్న చప్పుళ్లను అది మింగేస్తుంది. అదీ వేశాను. చిరుగుడు చాలావరకు పోయింది. ఇక మిగిలింది పాటల మొదట్లో వచ్చే ఒక చప్పుడు. చాలా పాటల ముందు టక్ టక్ టక్ టక్ అని నాలుగు దెబ్బలు, వెంటనే మోత. ఇవి పాత రికార్డు మీంచి నకలులోకి వచ్చిన గీతలనుకున్నాను. పాజ్ నొక్కి పట్టి, నాలుగు దెబ్బలూ పోనిచ్చి, మోత ఎత్తుకునేటప్పుడు వదిలాను. పదకొండు పాటల్లో ఎనిమిదింటికి అట్లా చేశాను. ఒక్కసారి కూడా గురి తప్పలేదు.

గీత పడిన చోట సూది చుట్టుకొకసారే టక్కుమంటుంది. చుట్టు తిరగడానికి దాదాపు రెండు సెకన్లు పడుతుంది. ఈ నాలుగు దెబ్బలూ కలిపి రెండు సెకన్లలోపే అయిపోయేవి. అవి గీతలు కావడానికి వీల్లేదని ఆ లెక్కే చెబుతుంది. ఆ లెక్క నాకు పనిలో చేరిన మొదటి ఏడాదే మా ఉస్తాదు నేర్పాడు. ఆ రోజు దాన్ని వేసుకోలేదు, ఎందుకంటే జవాబు నాకు ముందే దొరికింది.

మర్నాడు రాజేశం వచ్చి రికార్డూ క్యాసెట్టూ రెండూ తీసుకుపోయాడు. మూడు రోజులకు మళ్లీ వచ్చాడు. అప్పుడు దుకాణంలో ఇద్దరు కాలేజీ పిల్లలు పాటల జాబితా రాయిస్తున్నారు. రాజేశం వాళ్లు పోయేదాకా ఆగుదామనుకున్నట్టుంది, ఆగలేకపోయాడు.

"భాయ్, గీ క్యాసెట్ల అన్నీ వచ్చినయా?"

"వచ్చినయి."

"రికార్డుల ఏమున్నదో గదే ఉన్నదా?"

"గదే ఉన్నది."

"రెండో దిక్కు, మొదటి పాట షురూ అయ్యేకాడ ఏమన్న ఇడిసిపెట్టినవా?"

నా నోటి వైపే చూస్తూ అడిగాడు. అతను దేని గురించి అడుగుతున్నాడో నాకు ఆ క్షణంలోనే తెలిసింది. పాజ్ మీద వేలు పెట్టి తీసేసింది నేనే కదా. కాని ఆ ఇద్దరు పిల్లలు నా వైపు తిరిగారు. తల తెగిన పాట ఇచ్చానని వాళ్ల ముందు ఒప్పుకోవాలి. పైగా గీతల చప్పుడు తీసేయడం తప్పెట్లా అవుతుందని లోపల ఒక మొండితనం.

"ఏం ఇడిసిపెట్టలే. ఎట్లున్నదో అట్లనే దించిన" అన్నాను.

"ఒక్కసారి రికార్డు ఏసి ఇనిపిస్తవా? ఎంట తెచ్చిన."

"ఇప్పుడు గాదు. రికార్డు తిప్పే బెల్ట్ తీసి పెట్టిన, రేపు రా."

బెల్ట్ తీయలేదు. అది రెండో అబద్ధం. రాజేశం సంచిలోంచి రికార్డు తీసి కౌంటరు మీద పెట్టి, "అయితే గిది నీ తాననే ఉండనియ్. నాకిగ పనికిరాదు" అని వెళ్లిపోయాడు. అతనికి ఆ పాటలు నచ్చలేదనుకున్నాను. రికార్డును బల్ల కింద పెట్టేశాను. ఎందుకో ఆ రోజంతా మనసు కుదురుగా లేదు. ఎందుకు లేదో కూడా తెలియలేదు.

రేపు రమ్మన్నానే గాని రాజేశం రాలేదు. పదిహేను రోజుల తర్వాత అతని భార్య పుష్ప వచ్చింది. చేతిలో నేనిచ్చిన క్యాసెట్.

"అన్నా, గీండ్ల బతుకమ్మ పాటలు దించుతవా? మా ఆయన వద్దని ఇడిసిపెట్టి పోయిండు."

"ఏడికి పోయిండు? మెడికల్ ఎట్లయింది?"

"మెడికల్‌కు పోనేలేదు. మల్ల భివండికే పోయిండు. చెవులు పోయినయన్నడు."

నాకు అర్థం కాలేదు. కూర్చోమన్నాను. ఆమె కూర్చోకుండానే చెప్పింది. సాంచాల మోతకు రాజేశం చెవులు రెండేళ్లుగా మొద్దుబారుతున్నాయి. పని మానకపోతే మొత్తం పోతాయని అక్కడి డాక్టరు చెప్పాడు. అందుకే మోత లేని గోదాం పని కోసం గల్ఫుకు పోవాలనుకున్నాడు. చెవులు ఎంత మిగిలాయో చూసుకోవడానికి అతనికి దొరికిన సాధనం ఆ రికార్డు.

"గా పాట షురూల డోలు కొట్టెటోడు రెండు పుల్లలు నాలుగుసార్లు కొడ్తడట అన్నా. సన్నని సప్పుడట. సేటు కొడుకు రూముల గా పాట పెట్టుకొని, పెట్టె కాడికెళ్లి ఒక్కొక్క అడుగు ఎనుకకు పోతుండెనట. ఏడు అడుగులు, దర్వాజ కాడ గూడ ఇనవడుతుండెనట. గవి ఇనవడ్డన్ని దినాలు మెడికల్‌ల గూడ పాసయిత అంటుండె."

"మరి ఇంట్ల?"

"ఇంట్ల టేప్‌కు చెవి ఆనిచ్చిండు. ఒక్కటి గూడ ఇనవడలేదట. మూడు దినాలు ఇన్నడు. నన్ను గూడ పిలిచి, నీకు ఇనవడుతున్నదా అని అడిగిండు. నాకేం ఎరుక, ఏది ఇనాల్నో. నాకంత ఒక్కటే లొల్లి."

"తర్వాత?"

"తర్వాత ఏమున్నది. నీ తానికి వచ్చి అడిగిండట గద. నువ్వు అన్నీ ఉన్నయన్నవట. ఇంటికొచ్చి, ఇగ చెవులు పోయినంక సాంచాల కాడ కొత్తగ పోయేదేమున్నది అన్నడు. సోమవారం బస్సెక్కిండు."

క్యాసెట్ నా చేతిలో ఉంది. నేను ఆమెకు అక్కడే చెప్పి ఉండాలి. "ఇక్కడ పెట్టిపో చెల్లె, చూసి చెప్త" అన్నాను. ఆమె వెళ్లిపోయింది.

రికార్డు బయటికి తీసి, ఫిల్టర్లన్నీ తీసేసి, రెండో వైపు మొదటి పాట పెట్టాను. టక్ టక్ టక్ టక్. కర్రకు కర్ర తగిలిన చప్పుడు. పిల్లవాడికి కూడా తెలుస్తుంది. అట్ట వెనక సన్న అక్షరాల్లో ఏదో రాసి ఉంటే, డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక్కొక్క మాట వెతికి చదివాను. ఈ పాటల్ని మూడు రోజుల్లో ఒక గ్యారేజీలో రికార్డు చేశారట. మళ్లీ అచ్చు వేసేటప్పుడు చప్పుడు శుభ్రం చేద్దామని కంపెనీ అంటే, వీల్లేదు, మోత మోతలాగే ఉండాలని ఆ ముగ్గురూ పట్టుబట్టారట. చదివాక ఇంకా గందరగోళంలో పడ్డాను. చిరిగిన చప్పుడు కావాలని చేసుకునే మనుషులుంటారా? నేను ఇరవై ఏళ్లు తీసేస్తూ వచ్చిందాన్ని వీళ్లు కోరి పెట్టుకున్నారా? అయితే ఇన్నాళ్లు నేను తీసేసినవాటిలో ఎన్ని లోపాలు, ఎన్ని కావు?

ఇంట్లో జుబేదాకు చెప్పాను. నా భార్య అన్నం వడ్డిస్తూ మొత్తం విని, "జాకో సచ్ బోల్ దేవ్" అంది. పోయి నిజం చెప్పెయ్యి అని. ఇంకేమీ అనలేదు.

నేను పోలేదు. ఉత్తరం రాశాను. అందులో రాసింది ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. క్యాసెట్‌లో ఏదైనా సాంకేతిక లోపం ఉండి ఉండవచ్చునని, నీ చెవులను మరొకసారి చూపించుకోవడం మంచిదని. నేను తీసేశాను అన్న మాట ఎక్కడా లేదు. తప్పును యంత్రం మీదికి నెట్టి, సలహాను అతని మీదికి నెట్టాను. జవాబు రాలేదు. జవాబు రాకపోతే ఊపిరి పీల్చుకున్నాను, ఆ సంగతి కూడా దాచను.

మరో రెండు నెలలకు పుష్ప మళ్లీ దుకాణం ముందు నుంచి పోతూ ఆగింది. క్యాసెట్ సంగతి అడగలేదు.

"రాజేశం బాగున్నడా చెల్లె?" అన్నాను.

"ఉన్నడు. ముందుగాల నాలుగు సాంచాలు నడుపుతుండె, ఇప్పుడు ఆరు పట్టిండట. లొల్లి ఇనవడనోనికి ఎన్నయితే ఏంది అని మనిషితోని చెప్పి పంపిండు. నవ్వుకుంట చెప్పిండట."

అప్పుడు చెప్పాను. కౌంటరు అడ్డం పెట్టుకునే చెప్పాను. దెబ్బలు రికార్డులో ఉన్నాయని, నేనే తీసేశానని, అడిగితే లేదన్నానని. తిడుతుందనుకున్నాను.

"నాకు చెప్తే ఏమొస్తది?" అంది. "నేను చెప్తే ఆయన నమ్మడు, సముదాయిస్తున్ననంటడు. నువ్వే పోయి చెప్పాలె. గా రికార్డు తీస్కొనే పో."

ఆ వారమే భివండి బస్సెక్కాను. బ్యాటరీలతో నడిచే పాత సూట్‌కేసు ప్లేయరు ఒకటుండేది, మూత తెరిస్తే లోపల పళ్లెం, పక్కన చిన్న స్పీకరు. దాన్ని ఒళ్లో పెట్టుకుని రాత్రంతా ప్రయాణం చేశాను. దిగేసరికి గురువారం మధ్యాహ్నం. సాంచాల గల్లీలోకి అడుగు పెట్టగానే ఆగిపోయాను. రెండు వైపులా షెడ్లు, ఒక్కో షెడ్డులో యాభై మగ్గాలు. ఆ మోత చెవులకే కాదు, పళ్లకూ తగులుతోంది. అందులో ఆ రికార్డు వినిపించింది నాకు. లేక నేనే అట్లా అనుకున్నానో చెప్పలేను. ఆ తిట్టేవాడు, ఆ చిరిగిన గిటారు, ఆగకుండా ఉరికే డోళ్లు అన్నీ అందులో ఉన్నట్టే అనిపించింది. అట్లాంటి చోట నుంచి వచ్చినవాడికి నేను ఆ మోతను మెత్తగా చేసి ఇచ్చాను.

శుక్రవారం అక్కడ కరెంటు సెలవు, సాంచాలు నడవవు. జుమ్మా నమాజు చదువుకుని రాజేశం గదికి పోయాను. ఎనిమిది మంది ఉండే గది. అందరూ సిద్దిపేట, కొండపాక వైపు వాళ్లే. ఒకతను బట్టలు ఉతుక్కుంటున్నాడు, ఇద్దరు పేకాడుతున్నారు.

"ఖాజా భాయ్, నువ్వేంది గీడ?" అన్నాడు రాజేశం. గొంతు మునుపటికన్నా పెద్దదైంది. ఎంత గట్టిగా మాట్లాడుతున్నాడో అతనికి తెలియడం లేదు.

పక్కకు తీసుకుపోయి మెల్లగా చెబుదామనుకున్నాను. "రాజేశం, నేను ఒక తప్పు చేసిన" అన్నాను.

"ఆఁ?"

మళ్లీ అన్నాను.

"గట్టిగ చెప్పు భాయ్, ఇనవడుతలేదు."

చేసేది లేక, ఆ గదిలో ఎనిమిది మంది ముందు అరిచి చెప్పాను. క్యాసెట్‌లో దెబ్బలు నేనే తీసేశానని అరిచాను. అబద్ధం చెప్పానని అరిచాను. పేకాడేవాళ్లు ముక్కలు కింద పెట్టారు. దుకాణంలో ఇద్దరు పిల్లల ముందు చెప్పలేని మాట అది.

రాజేశం నా చేతిలోని పెట్టె వైపు చూశాడు. "రికార్డు తెచ్చినవా?" అన్నాడు.

ప్లేయరును మంచం మీద పెట్టి, రెండో వైపు సూది ఆనించాను. అతను స్పీకరు దగ్గర కూర్చుని కళ్లు మూసుకున్నాడు. నాలుగు దెబ్బలు పడ్డాయి. తల ఊపాడు. మళ్లీ పెట్టమని సైగ చేశాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. మళ్లీ పెట్టాను. రెండో అడుగు. మూడో అడుగు దగ్గర చాలాసేపు ఆలోచించి తల ఊపాడు. నాలుగో అడుగు దగ్గర నేను రెండుసార్లు పెట్టాను, మూడుసార్లు పెట్టాను. తల అడ్డంగా తిప్పాడు.

"ఏడు ఉండె" అన్నాడు. "మూడయినయి."

పేకాడేవాళ్లలో ఒకడు, "మూడున్నయి గద, మొత్తానికే పోయినయంటివి. ఇన్ని దినాలు మమ్మల్ని కేకలు ఎందుకు పెట్టించినవురా" అన్నాడు. అందరూ నవ్వారు. రాజేశం కూడా నవ్వాడు.

తర్వాత నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. "గీ పెట్టె చిన్నది గద భాయ్. సేటు కొడుకు పెట్టెలు గింతగింత ఉంటయి" అని చేతులు చాపి చూపించాడు. "అందుకే మూడయినయేమో."

ఆ మాట నిజమా, నన్ను ఓదార్చడానికి అన్నాడా, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. నా ప్లేయరు స్పీకరు చిన్నదే. కాని నేను మెకానిక్కును, ఆ రెండింటికీ తేడా ఎంత ఉంటుందో కొంత తెలుసు. ఏడుకూ మూడుకూ మధ్య ఉన్న నాలుగు అడుగుల్లో ఎన్ని ఆ స్పీకరువో, ఎన్ని ఆ ఆరు సాంచాలవో, ఎన్ని ఎట్లాగూ పోయేవో కొలిచే మీటరు నా దగ్గర లేదు. నేను పాపం చేశానని తెలుసు, ఎంత చేశానో తెలియదు.

సాంచాల మీద ఎక్కించిన భీములు, అంటే నూలు చుట్టిన కడ్డీలు, అయిపోగానే రాజేశం లెక్క తెంచుకుని ఊరికి వచ్చేశాడు. గల్ఫు చోటు అప్పటికే వేరొకరికి పోయింది. మా ఊరి చేనేత సంఘం గోదాములో బట్టలు మడతపెట్టే పని దొరికింది. గల్ఫులో వచ్చేదానితో పోలిస్తే ఎంత తక్కువో నేను అడగలేదు, అతను చెప్పలేదు. మోత మాత్రం లేదు.

అప్పటినుంచి నా పనిలో ఒక పద్ధతి పెట్టుకున్నాను. రికార్డు తెచ్చినవాణ్ని ముందు అడుగుతాను, దీంట్లో నువ్వు దేనికోసం వింటావని. చాలామంది నవ్వుతారు, పాట కోసం కాక మరి దేనికి అంటారు. కొందరు మాత్రం ఆగి ఆలోచిస్తారు. ఒక ముసలాయన, పాట చివర ఎవరో దగ్గుతారు, అది తీయకు అన్నాడు. ఎందుకో అడగలేదు. ఇంకొకటి, క్యాసెట్ పెట్టెలో పాటల పేర్లు రాసే అట్ట కార్డు ఉంటుంది. దాని కింద నేను ఏం తగ్గించానో, ఏం తీసేశానో కూడా రాసి ఇస్తాను. బాగు చేయడం మానలేదు. చెప్పకుండా చేయడం మానేశాను. రికార్డు నా దగ్గరున్నన్నాళ్లూ ఆ ఇంగ్లీషు పాటలు చాలాసార్లు పెట్టుకుని విన్నాను. మంచివో కాదో నాకు ఈ రోజుకీ తెలియదు.

రాజేశం ఊరికి వచ్చిన మొదటి వారంలోనే అతని కోసం రెండో క్యాసెట్ తయారు చేశాను. మీటలన్నీ నడిమికి పెట్టి, పాజ్ ముట్టకుండా, సూది గీకుడుతో సహా దించాను. దుకాణానికి వచ్చినప్పుడు రికార్డుతో పాటు అది చేతిలో పెట్టాను. తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "మొదటిది ఏది?" అన్నాడు.

"ఉన్నది."

"చెరిపినవా?"

"లేదు. ఇప్పుడు చెరుపుత."

"చెరపకు. దాని కార్డు మీద రాయి. ఏమేం తీసేసినవో అన్నీ రాయి."

"ఎందుకు రాజేశం?"

"చెవులు ఉండంగనే లేవనుకొని తిరిగిన గద భాయ్. కాయితం ఉంటే యాదికుంటది."

స్టూలు మీద కూర్చున్నాడు. నేను పెన్ను తీసుకుని రాయడం మొదలుపెట్టాను. ట్రెబుల్ మీటలు రెండు దించాను. స్క్రాచ్ ఫిల్టర్ వేశాను. ఎనిమిది పాటల ముందు నాలుగేసి దెబ్బలు తీసేశాను. కార్డు నిండింది. అతనికి ఇచ్చాను. ఒక్కొక్క వరుస మీద వేలు పెట్టి చదివి, కార్డు వెనక్కి తిప్పి, ఖాళీగా ఉన్న వైపు పైకి వచ్చేట్టు నా ముందు పెట్టాడు.

"ఇంకోటి ఉన్నది" అన్నాడు.

రాజేశం అడిగినప్పుడు ఏమీ తీయలేదని చెప్పాను అని రాసి, కింద నా పేరు పెట్టాను. కార్డు వెనక వైపు ఉన్నది ఆ ఒక్క వాక్యమే. రాయడానికి దానికే ఎక్కువ సేపు పట్టింది.